డ్రమ్ములాయన విన్న చప్పుడు

స్పీకర్లో ఏదో మూలుగుతోందని అమెరికా ఆయన ఫోన్ చేశాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. అందుకని నోటితోనే "మ్మ్మ్..." అని చేసి వినిపించాడు. అది మాత్రం పూర్తిగా అర్థమైంది. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఏ స్పీకరైనా అలాగే మూలుగుతుంది.

అప్పుడు నేను సౌదీలోని అభాలో, కొండ అంచున కట్టిన విడిది ఇళ్లకు ఎలక్ట్రీషియన్‌ని. మాది జగిత్యాల వైపు. ఎండాకాలం వచ్చిందంటే రియాద్ నుంచీ జెద్దా నుంచీ కుటుంబాలు చల్లదనం కోసం వచ్చి ఆ ఇళ్లలో దిగేవి. మిగతా రోజుల్లో చాలావరకు ఖాళీ. వరుసగా రాతి ఇళ్లు, వాటి వెనక సన్నని కాలిబాట, బాట అంచున పెద్ద గోడ. వాలు మీద మట్టి నింపి చదును చేసిన స్థలం అది. ఆ మట్టినంతా ఆ గోడే పట్టి నిలిపింది. గోడ పక్క నుంచి మెట్లు దిగితే కాపలా ముసలాయన గది. దాని తర్వాత లోయే. మధ్యాహ్నం నమాజు దాటాక లోయలోంచి పొగమంచు లేచి మెట్లెక్కి వచ్చేది. ముందు కాపలా గది కనపడకుండా పోయేది, తర్వాత గోడ, ఆ తర్వాత మన చేతిలో ఉన్న టెస్టరు.

అమెరికా ఆయన ఉండేది చివరి ఇంట్లో. ఊళ్లో ఇంగ్లీషు నేర్పే ఉద్యోగం, ఇల్లు ఏడాదికి అద్దెకు తీసుకున్నాడు. నలభై దాటిన మనిషి, పొడుగు చేతులు, ఎప్పుడూ ఏదో ఒకదాని మీద వేళ్లతో దరువేస్తుండేవాడు. నేను మొదటిసారి లోపలికి అడుగుపెట్టేసరికి హాల్లో సోఫాలు లేవు. పరుపులు గోడలకు నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో డ్రమ్ములు. పక్కన బల్ల మీద పళ్లేలంత చక్రాలున్న పాతకాలపు టేపు మెషీను.

ఇంటి వెనక గోడకు దగ్గరగా నేలలో రాగి కడ్డీ దిగగొట్టి, దాన్నుంచి ఎర్తు వైరు లోపలికి లాగాను. మూలుగు ఆగిపోయింది. ఆయన పిల్లాడిలా చప్పట్లు కొట్టి, టీ పెట్టి, టేపు తిప్పాడు.

ముందు ఎవరో దగ్గారు. కుర్చీ కిర్రుమంది. తర్వాత గిటారు, ఆ తర్వాత గొంతు. గొప్ప గొంతేం కాదు. కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తాను మాట్లాడుకుంటున్న మనిషి గొంతులా ఉంది. మాటలు అర్థం కాలేదు. అయినా పాట అయిపోయేదాకా చేతిలో టీ చల్లారిన సంగతి గమనించలేదు.

"ఎవరు సార్?" అని అడిగాను.

"నా స్నేహితుడు" అన్నాడు. "ఇప్పుడు లేడు."

నెమ్మదిగా, నాకు తెలిసిన చిన్న చిన్న మాటల్లో ఆయన చెప్పిందిది. చలి ఎక్కువుండే చిన్న ఊరు. నలుగురు స్నేహితులు, బట్టలుతికే దుకాణం కింద నేలమాళిగలో వాళ్ల బ్యాండు. వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. పాటలు వాళ్లే కట్టుకున్నారు, వాళ్లే రికార్డు చేసుకున్నారు, అట్టలకు బొమ్మలు కూడా వాళ్లే అతికించి, ఊరూరా పాత వ్యానులో తిరిగి, పాడిన చోటల్లా అమ్ముకున్నారు. పేరేమీ రాలేదు. కానీ ఎక్కడో ఒకరిద్దరు ఆ పాటలు విని ఉత్తరాలు రాసేవారట. పాడే అతనికి జబ్బు చేసింది. మంచం పట్టాక కూడా గిటారు ఒళ్లో పెట్టుకుని టేపు నింపాడు. అందులో గొంతు ఉంది, గిటారు ఉంది, డ్రమ్ములు లేవు. ఆ ఖాళీ నింపడానికి ఈయన ఆ టేపును పెట్టెలో పెట్టుకుని ఇంత దూరం వచ్చాడు.

"మీ ఊళ్లోనే వాయించొచ్చు కద సార్?"

"అక్కడ వాయించలేకపోయాను" అన్నాడు. అంతే.

గదికి వెళ్లి ఈ సంగతి మా డ్రైవరు భాయ్‌కి చెప్పాను. ఆయనది కడప. ఇళ్లకు సామాన్లు తెచ్చే పికప్ నడిపేవాడు. నాకన్నా పెద్దవాడు, ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం.

"బ్యాండు అంటే ఏందప్పా, పెండ్లి బ్యాండా?" అన్నాడు ఆయన ఉల్లిగడ్డ కోస్తూ.

"పెండ్లి బ్యాండ్ కాదు భాయ్. నలుగురు దోస్తులు కూసొని సొంతంగ పాటలు కట్టుకునుడు. గండ్ల ఒకాయన సచ్చిపోయిండు. గాయన గొంతుకు ఈయన ఇప్పుడు డ్రమ్ములు కొడుతుండు."

భాయ్ కత్తి ఆపాడు. "సచ్చినోడి గొంతు దినామూ లేపకూడదు తమ్ముడూ. పోయినోడిని పోనీయాల. ఆ ఇంటికి ఊరికూరికే పోబాక."

నేను నవ్వాను. కానీ మర్నాటి నుంచి ఆ ఇంటి పక్క నుంచి పోతున్నప్పుడు, పరుపుల వెనక నుంచి ఆ గొంతు సన్నగా వినపడితే, అడుగులు వాటంతట అవే వేగం అయ్యేవి.

కొన్ని వారాలకు మళ్లీ ఫోన్. మూలుగు తిరిగి వచ్చింది. వెళ్లి చూస్తే ఇంటి వెనక కడ్డీకి బిగించిన వైరు ఊడి నేల మీద పడి ఉంది. అక్కడ పెద్ద పెద్ద కోతులుండేవి. మంద మందగా వచ్చి చెత్తడబ్బాలు పడదోసి, డిష్ వైర్లు పీకి పోయేవి. వాటి పనే అనుకుని వైరుకు కొంచెం పొడవు కలిపి మళ్లీ బిగించాను.

లోపలికి వచ్చేసరికి ఆయన చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు నా చేతిలో పెట్టాడు. "ఒకటి విను. మూలుగు కాదు. దాని కింద."

ఆయన వాయించింది వినిపించింది. డ్రమ్ములు, వాటి మీద పోయిన మనిషి గొంతు. మొదట నాకేమీ తెలియలేదు. ఆయన వేలెత్తి 'ఇప్పుడు' అన్నట్టు చూపించాడు. అన్నిటికీ అడుగున, ఎక్కడో లోపల, ఒక దెబ్బ. మూసిన తలుపును బయటి నుంచి ఎవరో మోచేత్తో తట్టినట్టు. కాసేపటికి మరొకటి.

"మీరు కొట్టింది కాదా సార్?"

"నేను కొట్టేది తాళంలో ఉంటుంది. ఇది దేనిలోనూ లేదు" అన్నాడు.

మెషీనులో లోపమేమో అని ముందే విప్పి చూసుకున్నాడట. నీళ్ల పంపు అనుకుని నేను పంపు ఆపాను. ఫ్రిజ్జు ఆపాను. చివరికి మెయిన్ స్విచ్ దించి, ఆయన బ్యాటరీతో నడిచే చిన్న రికార్డరు నేల మీద పెట్టాడు. ఇద్దరం నేల మీదే కూర్చున్నాం. కిటికీకి పొగమంచు అతుక్కుని ఉంది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. హెడ్‌ఫోన్లు చెరో చెవికి పెట్టుకుని విన్నాం. దెబ్బ వినపడింది. నా అరికాళ్లకు తెలిసిందో, తెలిసిందని అనుకున్నానో చెప్పలేను. ఆయన ముఖంలో భయం లేదు. ఎవరో అడిగిన ప్రశ్న సరిగా వినపడనివాడిలా తల వాల్చి వింటున్నాడు. భయమంతా నాకే. భాయ్ మాట గుర్తొచ్చి, పనుందని లేచి వచ్చేశాను.

ఆ తర్వాత వాన పట్టుకుంది. అభాలో వాన పడితే వాలంతా నీటి చప్పుడే. అమెరికా ఆయన తరగతులు అయిపోగానే ఇంటికొచ్చి రికార్డరు పెట్టుకుని కూర్చునేవాడు. పాటలు వాయించడం తగ్గించి ఆ చప్పుడే వెతకసాగాడు. రికార్డరును వంటింట్లో పెట్టేవాడు, స్నానాల గదిలో పెట్టేవాడు, వెనక బాట మీద గొడుగు కింద పెట్టేవాడు. ఒకరోజు నన్ను చూసి, "గోడ దగ్గరికి పోయేకొద్దీ పెద్దదవుతోంది" అన్నాడు.

అదే రోజు వైరు మళ్లీ పోయింది. ఈసారి ఊడలేదు. ఇంటి నుంచి కడ్డీ దాకా వేలాడుతూ ఉండాల్సిన వైరు సితారు తీగలా బిగుసుకుని ఉంది. వేలితో మీటితే మోగింది. చివర బిగింపు దగ్గర రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. కోతి వైరును పీకగలదు. కడ్డీని నేలతో సహా దూరం జరపలేదు.

అమెరికా ఆయన నా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆయన గోడ వైపు నాలుగడుగులు వేశాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆ ఇళ్ల బాగోగులు చూసే ఇంజనీరు ఈజిప్టు ఆయన. అందరం ముహందిస్ అని పిలిచేవాళ్లం. మొదట విని నవ్వాడు. "సంగీతం వాళ్లకు అన్నిటిలోనూ డ్రమ్ములే వినపడతాయి" అన్నాడు. అన్నాడే గాని వచ్చాడు. వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తీసి పక్కన పెట్టేటప్పుడు నవ్వడం లేదు. గోడకు ఒక సన్నని పగులు కనపడితే దాని మీద అడ్డంగా జిప్సం ముద్ద పెట్టించాడు. గోడ కదలకపోతే ముద్ద అలాగే ఉంటుంది. మర్నాడు పొద్దున చూస్తే ముద్ద నిలువునా రెండు ముక్కలై ఉంది.

ముహందిస్ అక్కడే నిలబడి మా యజమాని కఫీల్‌కు ఫోన్ చేశాడు. ఆ ఇళ్లూ ఆయనవే, మేం ఆ దేశంలో ఉండటానికి కావలసిన ఇఖామా కాగితాలూ ఆయన చేతిలోనివే. అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. చివర్లో ఒక్క మాటే పదేపదే అన్నాడు, "తయ్యిబ్, తయ్యిబ్" అని, సరే సరే అని. ఫోన్ జేబులో పెట్టుకున్నాక నా వైపు చూడకుండా చెప్పాడు: "సెలవులు. ఇళ్లన్నీ నిండి ఉన్నాయి. జనం వెళ్లాక చూస్తాడట."

గడ్డం గోక్కుంటూ అడిగాడు, "పంపు ఫ్యూజు తీసేస్తే అంచు ఇళ్లకు నీళ్లు అందుతాయా?"

"అందవు."

"తీసెయ్యి."

తీసేశాను. సాయంత్రానికల్లా నీళ్లు లేవని జనం గొడవ. ఒకాయన నన్ను నానా మాటలూ అన్నాడు. పిల్లలు, బొమ్మలు, కాఫీ ఫ్లాస్కులు అన్నీ కార్లలోకి ఎక్కాయి. ముహందిస్ ప్రతి కారు దగ్గరకూ వెళ్లి తప్పు తనదేనని చెప్పుకుని, ఊళ్లో వేరే చోట గదులు చూపించాడు. చీకటి పడేలోపు అంచు ఇళ్లలో అమెరికా ఆయన ఒక్కడే మిగిలాడు. ముహందిస్ కాపలా ముసలాయన్ని కూడా పైన స్టోరు గదిలోకి మారమన్నాడు. ఆయన బంగ్లాదేశ్ మనిషి, చాచా అనేవాళ్లం. సరేనని పరుపు ఒక్కటి పైకి మోసుకొచ్చాడు.

"రేపు మధ్యాహ్నం దాకా టైమివ్వండి" అని అమెరికా ఆయన అడిగాడు. చివరి పాట ఒకటి మిగిలిపోయిందట. మిగతావన్నీ ఈ గదిలోనే వాయించాడు, ఇదొక్కటీ వేరే గదిలో వాయిస్తే శబ్దం కలవదట. ముహందిస్ ఒప్పుకోలేదు. ఆయన బతిమాలాడు. ఒకడు గోడ వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు, ఇంకొకడు టేపు వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. చివరికి ముహందిస్సే తగ్గాడు. "మూడు గంటల అసర్ నమాజు లోపల. ఒక్క నిమిషం దాటినా కరెంటు తీయిస్తా."

మర్నాడు వాన ఆగకుండా పడింది. భాయ్, నేను పికప్ వేసుకుని సామాను మోయడానికి వెళ్లాం. భాయ్ బండిని పై రోడ్డు మీదే ఆపాడు. "ఈడ్నించి ముందుకు చక్రం కదలదు తమ్ముడూ. నువ్వు పొయ్యి తొందరగా పిల్చుకోనిరా" అన్నాడు.

నేను తలుపు దగ్గరికి వెళ్లేసరికి ఆయన వాయిస్తున్నాడు. హెడ్‌ఫోన్లలో పోయిన స్నేహితుడు పాడుతున్నాడు కాబోలు, నాకు డ్రమ్ములు మాత్రమే వినపడ్డాయి. అంత మెల్లగా వాయించడం నేనెప్పుడూ చూడలేదు. నిద్రపోతున్న మనిషికి దుప్పటి సర్దుతున్నట్టు కొడుతున్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. టేపు చక్రాలు తిరుగుతున్నాయి.

ఉన్నట్టుండి పుల్లలు గాల్లో ఆగిపోయాయి.

కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు గానీ నన్ను కాదు చూసింది. ఒక చేత్తో హెడ్‌ఫోన్లను చెవికి అదుముకున్నాడు. మరుక్షణం లాగి అవతల పారేశాడు.

"కాపలా ఆయన ఎక్కడ?"

"పైన సార్. స్టోర్ల."

అన్నాను గానీ, వచ్చేటప్పుడు స్టోరు గది తలుపుకు బయట గొళ్లెం చూసినట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన అప్పటికే వెనక తలుపు తీశాడు. పొగమంచులో, కింద నుంచి, వేయించిన ఉల్లిపాయ వాసన వస్తోంది. చాచా వంట పొయ్యి కిందే వదిలేశాడు. వండుకోవడానికి దిగాడు.

ఆయన చెప్పుల్లేకుండా మెట్ల మీద పరుగెత్తాడు. "సార్, వద్దు సార్!" అని అరుస్తూ నేనూ వెనకే దిగాను. ఎందుకు దిగానో ఇప్పటికీ తెలియదు, కాళ్లు దిగాయి. మెట్ల పక్కన గోడ రాళ్ల మధ్య నుంచి నీళ్లు కారుతున్నాయి. మట్టి రంగు నీళ్లు. పగులులో నా పిడికిలి పడుతుంది.

చాచా పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడి, గరిటె చూపిస్తూ, "చావల్ జల్ జాయేగా భాయ్" అన్నాడు. అన్నం మాడిపోతుందని ఆయన దిగులు. అమెరికా ఆయన గంపను ఎత్తుకున్నట్టు ఆ ముసలాయన్ని భుజం మీద వేసుకున్నాడు. చాచా తిడుతూనే ఉన్నాడు. నేను వెనక నుంచి నెట్టాను. మెట్ల మీద ఒకసారి ఇద్దరూ జారి, చాచా మోకాలు చీరుకుపోయింది. పైకి వచ్చి, ఇల్లు దాటి, రోడ్డు వైపు సగం దూరం పోయామో లేదో వెనక నుంచి లారీలోంచి కంకర దింపినట్టు చప్పుడు మొదలైంది. దింపడం అయిపోలేదు. దింపుతూనే ఉంది.

తిరిగి చూస్తే పొగమంచు తప్ప ఏమీ లేదు. ఆ తెల్లదనంలో చివరి ఇంటి ముందరి గోడ ఒక్కటే నిలబడి ఉంది. దాని కిటికీలోంచి అవతలి పొగమంచు కనపడుతోంది. హాలు లేదు. లోయలో ఎక్కడో ఆయన ఇత్తడి తాళం పళ్లెం రాళ్లకు తగులుతూ కిందికి పోతోంది. కనపడటం లేదు, మోగుతోంది. ఇంకా దూరం నుంచి ఇంకోసారి మోగింది. తర్వాత వాన ఒక్కటే.

అమెరికా ఆయన చాచాను కిందికి దించి, ఆయన మోకాలు చూశాడు. నెత్తురు తుడవడానికి చొక్కా విప్పాడు. టేపు గురించి ఒక్క మాట అనలేదు. భాయ్ పరుగెత్తుకొచ్చి బండిలోని కంబళి ఆయన భుజాల మీద కప్పి, తల నిమిరాడు. భాషలు కలవవు కాబట్టి తెలుగులోనే అన్నాడు: "నువ్వు మనిషివి సామీ. కూచో, కూచో."

సివిల్ డిఫెన్స్ వాళ్లు వచ్చారు. తాడు కట్టారు, ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. ముహందిస్ వానలో నిలబడి అడిగినవాటికల్లా జవాబు చెప్పాడు. ఆ నెలలోనే ఆయన ఉద్యోగం పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు.

అమెరికా ఆయన ఊళ్లో ఒక హోటల్లో కొన్నాళ్లుండి ఎగ్జిట్ వీసా మీద వెళ్లిపోయాడు. పోయే ముందు మా గదికి వచ్చాడు. భాయ్ బిర్యానీ చేశాడు. తింటూ ఆయన చెప్పాడు: వాయించిన పాటల్లో కొన్ని, సరిగ్గా ఉన్నాయో లేదో వినమని, మిగిలిన ఇద్దరు స్నేహితులకు ఫోన్లో ఎప్పటికప్పుడు పంపాడట. అవి ఉన్నాయి. చివరి పాటలు పోయాయి. స్నేహితుడి అసలు టేపు కూడా ఆ మెషీను మీదే పోయింది.

"బాధ లేదా సార్?" అని అడిగాను.

"ఉంది" అన్నాడు. ముద్ద నమిలి మింగాక, "చాలా ఉంది" అన్నాడు.

తర్వాత ఆ రికార్డు వచ్చింది. లింకు పంపాడు. పికప్‌లో కూర్చుని భాయ్, నేను విన్నాం. నాలుగు పాటలే. ఫోన్లోంచి తీసినవి కాబట్టి డ్రమ్ములు గుడ్డ కప్పినట్టున్నాయి. మూడో పాట నడుమ భాయ్ చెయ్యి చాపి ఆపేశాడు. ఆ దెబ్బ ఆయనకూ వినపడింది. బ్యాండు వాళ్లు దాన్ని తీసేయలేదు.

నేను పని హుఫూఫ్‌కు మార్పించుకున్నాను. చదునైన నేల, ఖర్జూర తోటలు, పొగమంచు లేదు. భాయ్ అభాలోనే ఉండిపోయాడు. చాచా కూడా. కఫీల్ కొత్త గోడ కట్టించాడు, పాతదాని కంటే ఎత్తుగా, లైట్లు పెట్టి. కింద చాచాకు కొత్త గది. మొన్న చాచా ఫోన్ చేసి క్షేమ సమాచారాలు అడిగాక, మాటల్లో అన్నాడు, గది తలుపు ఈ మధ్య సరిగా మూసుకోవడం లేదు, చెక్క ఉబ్బిందేమో, వడ్రంగిని పంపమని చెప్పానని.

నేల జరిగితే ముందు వంకరపోయేది తలుపు చట్రమే. ఫోన్ పెట్టేసి వెంటనే భాయ్‌కి చేశాను. "భాయ్, ఇప్పుడే పో. చాచాను గండ్లకెల్లి తీస్కపో. పరుపు గిరుపు తర్వాత."

భాయ్ ఎందుకని అడగలేదు. సాయంత్రానికి చాచా భాయ్ గదిలో ఉన్నాడు. కొత్త ఇంజనీరుకు చెప్పావా అని భాయ్‌ని అడిగితే, చెప్పాననీ నవ్వాడనీ అన్నాడు.

"ఇండ్లల్ల మందున్నరా?"

"అన్నీ నిండినాయి తమ్ముడూ" అన్నాడు భాయ్. "పిల్లోళ్లు గోడ మింద కూచోని ఫోటోలు దిగతాండారు."